తేనె గది

పక్కన జిరాక్స్ షాపు నడిపే ఆవిడ మేడమీద కాపురముండే ఆవిడతో అన్నదట, ఆ మేడమీదావిడ పాల దగ్గర నిలబడినప్పుడు మందులాయన భార్య చెవిన వేసిందట, భార్య జడ చిక్కు తీసుకుంటూ మొగుడికి అప్పజెప్పింది: మందుల షాపు వెనక గదిలో ఏదో గూడుపుఠాణీ నడుస్తోందని, బక్కచిక్కినవాళ్ళు ఒక్కొక్కరే దొంగపిల్లిలా లోపలికి దూరుతున్నారని, బయటికొచ్చేటప్పుడు మాత్రం వేలు నోట్లో పెట్టుకుని చీక్కుంటూ వస్తున్నారని, లోపల మందులాయన వాళ్ళకి తేనె గానీ నాకిస్తున్నాడా ఏమిటని. నాలుగు నోళ్ళు తిరిగేసరికి ఆ మాట పేరై కూర్చుంది. వీధి వీధంతా దాన్ని తేనె గది అనడం మొదలుపెట్టింది. అప్పట్లో మందులాయన కూడా నవ్వాడు, నిజం తెలిస్తే మూతి ముడుచుకునేవాళ్ళు తేనె అనుకుంటే పోయిందేముందిలే అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. షట్టరు సగం దించిన ఈ మధ్యాహ్నం, ఆ గదిలో, సెలైన్ సీసాల అట్టపెట్టె మీద కాళ్ళు ఊపుతూ కూర్చుని వేలు చీకుతున్నవాడు అతని సొంత బావమరిది. చీకి, నాలుక మీద రుచి చూసుకుని, “తేనె ఉప్పగా ఉంది బావా” అన్నాడు.

వేలు తియ్యి, దూది పెట్టి నొక్కిపట్టు అని అందరికీ చెప్పే మాటే వాడికీ చెప్పాడు. ఎవడు వింటాడు, గుచ్చుకున్న వేలు నోట్లోకి పోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య, రైతుకి ముల్లు గుచ్చుకున్నా అంతే, దర్జీకి సూది దిగినా అంతే. మాత్రల పెట్టె మూత బోర్లించి దానిమీద పెట్టిన తెల్ల ప్లాస్టిక్ ముక్క చిటికెన వేలంత ఉంది. దాని అడుగున వాడి రక్తపు బొట్టు, పైన చిన్న సీసాలోంచి పిండిన మందునీళ్ళు, ఆ ఎరుపు, బీటలువారిన మడిలోకి కాలవ నీరు పాకినట్టు మెల్లమెల్లగా పైకి పాకుతోంది. పై గీత ఎలాగూ పడుతుంది, పడాలి, అది పడితేనే కిట్టు మంచిదని లెక్క. దాని కింద రెండో గీత పడిందంటేనే గొడవ, హెచ్‌ఐవి ఉందేమోనని పెద్దాసుపత్రికి పంపి రూఢి చేయించాలి. ఇరవై నిమిషాలు ఆగాలి. చిన్నప్పుడు గేదె ఈనే వేళ దాని వెనకే గుడ్లప్పగించి కూర్చుంటే నాన్న వీపు మీద ఒకటి చరిచేవాడు, ఒరే, నువ్వలా చూస్తూ కూర్చుంటే అది ఈనదురా, పక్కకి తిరుగు అని. మందులాయన పక్కకి తిరిగాడు. తిరిగితే పరదా కనబడింది.

ఆ పరదాదో కథ. సూదిమందుకి అలవాటుపడ్డ మనుషులు ఆసుపత్రి గడప తొక్కరు, అక్కడ నర్సు మోచేతి మడత చూసి మొహం తిప్పుకుంటుంది. సిరంజి కోసం మందుల షాపుకైతే ఎటూ వస్తారు, వచ్చినవాణ్ణి అక్కడే కూర్చోబెట్టి ఒక బొట్టు రక్తం చూస్తే పోలేదా అని ఆరోగ్య శాఖలో ఎవరికో మంచి బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. మనిషి మానం దక్కాలని గోధుమరంగు పరదా ఒకటి కుట్టించి మరీ పంపారు. కొట్టులో తలనొప్పి మాత్రకి నిలబడ్డవాళ్ళంతా ఆ పరదా కదిలినప్పుడల్లా మెడలు సాచేవాళ్ళు. పరదా లేకపోతే ఎవడు లోపలికి పోయాడో ఎవరూ చూసి ఉండేవాళ్ళు కారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడ గట్టిది, మాటలో నాన్చుడు లేదు. వచ్చినవాడి మొహం చూడండి, చేతులు చూడకండి అంది. ఎన్నాళ్ళ నుంచి అని అడగండి, ఎందుకు అని అడక్కండి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి సూది అని మాత్రం అడక్కండి, అడిగారా, వాడు రెండోసారి మీ గుమ్మం ఎక్కడు. ఆ మాటలు ఇంటికొచ్చి పెళ్ళానికి పాఠంలా ఒప్పజెప్పాడు, గుచ్చడం కూడా పెళ్ళాం వేళ్ళ మీదే నేర్చుకున్నాడు. మీ చదువు నా వేళ్ళ మీదికొచ్చిందేమిటండీ అని గొణుగుతూనే చెయ్యి చాపింది. చిన్నపిల్లల బడిలో పంతులమ్మ కదా, ప్రతిదీ మార్కుల్లో చెప్పందే తోచదు: ఒక గీత పడితే పాసు, రెండు పడితే ఫెయిలు, అంతేనా? అంతే అన్నాడు. ఫెయిలైనా ఫర్వాలేదు, ఇప్పుడు మంచి మందులున్నాయి, రోజూ వేసుకుంటే నీలాగా నాలాగా నిండా బతకొచ్చు అని కూడా చెప్పాడు. ఈ మాట ఎంతమందికి చెప్పాడో, ప్రతిసారీ మనసారానే చెప్పాడు. ఇందాక బావమరిది వేలికి గుచ్చేముందు చెప్పబోయి, దూది కోసం వెతుక్కున్నాడు. వాడే అందుకున్నాడు, తెలుసులే బావా, మందులున్నాయి, చెప్పు అని.

పక్కనే అరలో రంగులు. నలుగురు కూర్చుని ఎక్కించుకునే చోట ఎవరి సిరంజి ఎవరిదో కలిసిపోకుండా, వెనక నొక్కే పుల్లలకి రంగులు వేసి పంపింది ఆరోగ్య శాఖ. ఒక్కొక్కళ్ళకి ఒక్కో రంగు, పక్కవాడి రంగు ముట్టుకోకూడదు, అంతే సూత్రం. ఎంత చిన్న కిటుకు, ఎంతమంది ప్రాణాలు దానిమీద! గోడలకి రంగులేసే ఆయన ఆకుపచ్చ కోరుకున్నాడు. ఆయన గోళ్ళ సందుల్లో రంగు ఎప్పుడూ వదలదు, గుచ్చడానికి శుభ్రమైన వేలు వెతకడమే పెద్ద పని. గుచ్చితే రక్తం వస్తుందో ఎనామిల్ వస్తుందో చూసుకోండి అనేవాడు. హోటల్లో గిన్నెలు తోమే ఆమె ఎరుపు తీసుకుంది, పది గిన్నెల మధ్య పడినా కంటికి ఆనుతుంది అని. పంపులు బాగుచేసే కుర్రాడు పసుపు. బడిలో రంగు పెన్సిళ్ళు పంచే పంతులమ్మలా మందులాయన ఎవరిది వాళ్ళకి ఇచ్చేవాడు, వాడినవి తెచ్చి సూదుల డబ్బాలో పడేస్తే శభాష్ అనేవాడు. ఆ పని మీద అతనికో గర్వం ఉండేది, లేదనడమెందుకు. మందులమ్మే ప్రతివాడూ వైద్యుడు కాలేకపోయాననే దిగులు ఒకటి లోపల దాచుకునే ఉంటాడు, దానికి ఇది లేపనం. నీలం మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఆ కట్ట ఇంకా అరలోనే ఉంది, కట్టిన రబ్బరు కూడా విప్పలేదు. దానివైపు చూడకూడదనుకున్నాడు. పక్కకి తిరగడానికి ఈ గదిలో పక్కలు తక్కువ.

బావమరిది చేతులు ఎప్పుడూ బాగుండేవి. అద్దాలు బిగించే పని వాడిది, కిటికీకి గాజు పలక కోస్తే కొలబద్ద సిగ్గుపడేది. పెళ్ళయిన కొత్తలో ఈ షాపు అల్మారాల అద్దాలన్నీ వాడే బిగించాడు, బిగించి, బావా, వీటివెనక నువ్వే ఒక సీసాలా ఉన్నావు అని ఎకసెక్కెమాడాడు. బావని ఆటపట్టించకపోతే వాడికి పూట గడిచేది కాదు. రెండో అంతస్తు కిటికీ బిగిస్తూ నిచ్చెన జారి నడుము విరిగింది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేస్తూ నొప్పికి సూదిమందు రాసిచ్చారు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. ఎవరు చేస్తారు? బావ చేశాడు. నీ చెయ్యి తేలిక బావా, దిగినట్టే తెలీదు అనేవాడు. డాక్టరు రాసిన రోజులు అయిపోయాయి, బావ ఆపేశాడు, నొప్పి ఆగలేదు. నొప్పి ఆగలేదా, నొప్పి లేకపోయినా ఆ మందు ఇచ్చే నిద్ర కావాల్సి వచ్చిందా, అది వాడికీ తెలీదు. బావ చేతిసూది వల్లే మొదలైందని ఎవరూ అనలేరు. కాదనీ అనలేరు. ఊరి చివర పాడుబడ్డ గోడౌన్‌లో దొరికింది వాడికి, అక్కడే రంగులాయన, అక్కడే గిన్నెలామె, అక్కడే పంపుల కుర్రాడు. అక్క చెవిదుద్దులు పోయాయి, గాజు కోసే వజ్రం పోయింది, పని పోయింది, చివరికి వాడే ఇంట్లోంచి పోయాడు. ఆదివారాలు మాత్రం వచ్చి తలవంచుకుని భోంచేసి వెళ్ళేవాడు. ఈ సిరంజిలు పంచే కార్యక్రమం మొదలైన వారమే ఆ అక్క మొగుడి చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

“ఊరందరికీ ఇచ్చుకోండి. నా తమ్ముడికి మాత్రం మీ చేత్తో సూది ఇవ్వనని నామీద ఒట్టు పెట్టండి.”

పెట్టాడు. ఏ మొగుడు పెట్టడు? అది ఒట్టు కాదు, ప్రేమ అనుకున్నాడు. ఇద్దరూ అలాగే అనుకున్నారు. ఆమెకి తన తమ్ముడు గోడౌన్ మనిషి కాకూడదు, కాడు, ఈ ఇంట్లోంచి సూది పోకపోతే వాడు కాకుండా ఉంటాడు. చదువు చెప్పే మనిషికి ఆ లెక్క తప్పని తెలీదా? మందులమ్మే మనిషికి తెలీదా? పరాయివాళ్ళ విషయంలో తెలుసు. శిక్షణ ఇచ్చినావిడ ముందు కూర్చుని, ఇవ్వకపోతే మానరండీ, ఒకరిది ఒకరు వాడతారు అని తలూపి మరీ అన్నవాడు ఇతనే. దీపం చుట్టూ వెలుగే గానీ దీపం అడుగున ఏముంటుంది. వాడొక రోజు వచ్చాడు. గిన్నెలామె వెనక వరుసలో బుద్ధిగా నిలబడ్డాడు, ఆమె ఎరుపు కట్ట కొంగులో దాచుకుని పక్కకి జరగ్గానే చెయ్యి చాపి, నాకూ ఒక రంగియ్యి బావా అన్నాడు. అంతమందిలో అడగడానికి ఎంత చచ్చి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది. నీకు లేదు, ఇంటికి పో, మీ అక్క ఎదురుచూస్తోంది అన్నాడు మందులాయన. ఆ మాట అన్నాక ఛాతీలో ఏదో బలం వచ్చినట్టనిపించింది కూడా, పొలం గట్టు మీద పరాయి పశువుని అదిలించినవాడికి వచ్చే బలం. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. చాపిన చెయ్యి అలాగే ఒక్క క్షణం బల్ల మీద ఉంచి, అద్దం మీద వేలితో గీత గీసి వెళ్ళిపోయాడు. ఆ గీతని గుడ్డపెట్టి తుడిచాడు మందులాయన, కొట్టు శుభ్రంగా ఉండాలి కదా.

ఆ తర్వాత రంగులాయన వచ్చాడు. తన ఆకుపచ్చ తీసుకుని, కదలకుండా నిలబడి, అరవైపు గెడ్డంతో చూపించి, ఆ నీలం కట్ట కూడా ఇవ్వండి, ఒక స్నేహితుడున్నాడు, ఇక్కడికి రావడానికి మొహం చెల్లక మా సూదుల కోసం మమ్మల్ని పీక్కు తింటున్నాడు అన్నాడు. ఎవరా స్నేహితుడని మందులాయన అడగలేదు, అక్కర్లేకపోయింది. స్నేహితులకని అడిగినా ఇవ్వండి, రెట్టించకండి అని శిక్షణలో చెప్పారు. అదీ గుర్తుంది. వచ్చినవాళ్ళకే ఇస్తాను, రానివాళ్ళకి నీ చేత పంపను అన్నాడు, అంటూ ఒట్టు పెట్టించుకున్న పెళ్ళాం తలని తలుచుకున్నాడు. రంగులాయన వాదించే రకం కాదు. మీ కట్ట మీరే దాచుకోండి, చెదలు పట్టవులే అని పోయాడు. పోయిన నెలలో ఆ రంగులాయనకే ఈ బల్ల మీద రెండు గీతలు పడ్డాయి. పెద్దాసుపత్రిలో రూఢి అయింది. మందులు మొదలుపెట్టాడు, ఇప్పుడు కాస్త రంగు తేలాడు కూడా. ఆ రోజు నుంచి మందులాయనకి ముద్ద దిగితే ఒట్టు. ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, కట్టుకున్నదానికైనా చెప్పకూడదు, సంతకం పెట్టి ఇచ్చిన మాట. మొన్నటి ఆదివారం బావమరిది ఎదురుగా కూర్చుని మజ్జిగ పోసుకుంటుంటే వాడి మోచేతి మడత చూశాడు, చూసి, గ్లాసు ఏదని చుట్టూ వెతికాడు, అది చేతిలోనే ఉంది. ఒకసారి షాపుకి రారా అని మాత్రం అన్నాడు. దేనికి బావా, ఇంటికి పంపించడానికా అన్నాడు వాడు, తల ఎత్తకుండా. ఆమె ఇద్దరి మొహాలూ చూసి, ఒట్టు గుర్తుందిగా అన్నట్టు మొగుడి విస్తట్లో ఇంకో గరిటె వడ్డించింది. అక్కడ కూర్చున్న ముగ్గురిలో మాట మీద నిలబడ్డవాడు తనొక్కడే అనుకున్నాడు. నిలబడ్డాడు. ఒక మాట మీద కాదు, రెండు మాటల మీద, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడిలా.

చివరికి వాడికి చెప్పింది రంగులాయనే. నాకొచ్చింది, నువ్వు వెళ్ళి చూపించుకో, సిగ్గు తర్వాత పడొచ్చు అని గోడౌన్‌లో నలుగురి ముందూ చెప్పాడట. తాగుబోతులు, మత్తుగాళ్ళు, ఎందుకూ కొరగానివాళ్ళు అని వీధి ఉమ్మేసే మనుషుల్లో ఒకడు నోరు విప్పాడు. నోరు విప్పకూడదని సంతకం పెట్టిన పెద్దమనిషి, సూది ఇవ్వనని ఒట్టు ఒకటి అదనంగా మోస్తున్న పెద్దమనిషి, మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఇందాక వీడు సరాసరి వచ్చి, దగ్గుమందు అడుగుతున్న ముసలాయన భుజం మీదుగా, బావా, నన్ను కూడా తేనె గదిలోకి తీసుకెళ్ళు అన్నాడు, కొట్టంతా వినేలా. ముసలాయన నవ్వాడు. జిరాక్స్ షాపావిడ తల బయటికి పెట్టింది, పెట్టనీ. మందులాయన షట్టరు సగం దించి పరదా తొలగించాడు. గాజుముక్కల గాట్లతో వాడి వేలికొస మొద్దుబారిపోయింది, సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. నీ చెయ్యి బరువెక్కింది బావా అన్నాడు వాడు. వెక్కిరింపా? కాదు, ఉన్నమాటే చెప్పాడు.

వీధిలో ఎవరో స్కూటరు తన్ని స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. పరదా అంచున దారం ఒకటి ఊడి వేలాడుతోంది, దాన్ని లాగితే కుట్టంతా పోతుంది, లాగకూడదు. పై గీత పడి ఉంటుంది ఈపాటికి. కింద ఏమీ ఉండదు. ఉండకూడదు. వీడు గట్టివాడు, చిన్నప్పుడు తేలు కుట్టినా తట్టుకున్నాడని అక్క చెబుతుంది. గట్టితనానికీ దీనికీ ఏమిటి సంబంధం, మందులమ్మేవాడివి, ఆమాత్రం తెలీదా. కింద ఏమీ లేకపోతే ఈ పూటే నీలం కట్ట విప్పి వీడి చేతిలో పెడతాను, ఒట్టు గిట్టు గట్టు మీద పెట్టి. ఏమీ లేకపోతే. ఉంటే మాత్రం ఇవ్వక్కర్లేదా? ఉన్నవాడికే ముందు ఇవ్వాలి, అదీ శిక్షణలో చెప్పారు. అన్నీ చెప్పారు. ఆమె వచ్చే వేళయింది, బడి మధ్యాహ్నం వదలగానే క్యారియర్ పట్టుకుని వెనక తలుపున వస్తుంది, రోజూ ఇదే వేళకి, ఇవాళ పిల్లలెవరైనా కొట్టుకుని ఆలస్యమైతే బాగుండును. వీణ్ణి ముందు గుమ్మాన పంపేసి, ప్లాస్టిక్ ముక్క డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, తినడానికి కూర్చోవచ్చు. కూర్చుని ఏం తింటాడు.

అట్టపెట్టె కిర్రుమంది. బావమరిది కాళ్ళు ఊపడం ఆపేశాడు. గాజులో వెంట్రుకవాసి బీట ఉన్నా దూరం నుంచే పట్టే కన్ను వాడిది. ముందుకి వంగి, వెలుతురుకి అడ్డం రాకుండా తల పక్కకి పెట్టి చూశాడు, కిటికీ పలక కొనేముందు చూసినట్టు.

“కళ్ళజోడు తుడుచుకో బావా” అన్నాడు.

మందులాయన తుడుచుకున్నాడు. పై గీత ముదురుగా ఉంది. దాని కింద ఇంకొకటి, ముందు ఉందా లేదా అన్నట్టు, తర్వాత ఉన్నట్టే, తర్వాత ఇంకెప్పుడూ లేకుండా పోనట్టు. పక్కకి తిరిగినా లాభం లేకపోయింది నాన్నా, అది ఈనేసింది. ఇక్కడ పడింది అనుమానమే, రూఢి కాదు, పెద్దాసుపత్రిలో మళ్ళీ చూడాలి, నేను వెంట వస్తాను, ఇవాళే వెళదాం, మందులున్నాయి అని అందరికీ చెప్పే వరసలోనే మాటలు వచ్చాయి, వరస తప్పకుండా వచ్చాయి, అతని గొంతుతోనే వచ్చాయి. వాడు వేలు మళ్ళీ నోట్లో పెట్టుకుని బుద్ధిగా వింటున్నాడు. వెనక తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, క్యారియర్ పిడి గిన్నెకి తగిలిన చప్పుడు. ఆమె పరదా పక్కకి నెట్టి లోపలికొచ్చింది. వీడిక్కడేం చేస్తున్నాడండీ అనబోయింది, సగంలో ఆగింది, తమ్ముడి నోట్లో వేలు చూసింది, బల్ల చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తన వేళ్ళ రక్తంతో మొగుడికి నేర్పిన పాఠమే అది. క్యారియర్ ఎక్కడ పెట్టాలో తెలీక అరలోనే పెట్టింది, నీలం కట్ట పక్కన. మొగుడు వద్దని చెయ్యెత్తాడు. ఆమె అడగబోయే మాట ఏదో అతనికి తెలుసు, ఈ గదిలో ఎవరినీ ఎప్పుడూ అడగకూడని మాట.

“ఎవరి సూదిరా?”

బావమరిది వేలు నోట్లోంచి తీసి, చొక్కాకి తుడుచుకున్నాడు.

“బావ పంచినవే అక్కా. అందరికీ తలో రంగూ ఇచ్చాడు. ఎవరు వాడేసి పక్కన పెడితే అది నాది.”